థాయ్‌లాండ్ బార్డర్ రన్: ఇండియన్ పాస్‌పోర్ట్‌తో మూడోసారి వెళ్ళి రావచ్చా? స్టాంప్ 12 డిసెంబర్‌తో అయిపోతుంది

భీమిలి_కెరటం · 1 డిసెంబర్ 2025, ఉదయం 9:12

అందరికీ నమస్కారం. బార్డర్ రన్ అంటే స్టాంప్ గడువు అయ్యేలోపు పక్క దేశానికి వెళ్ళి, కొత్త స్టాంప్‌తో తిరిగి రావడం. అడిగేవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడగకుండా తేదీలన్నీ ఇక్కడే పెడుతున్నాను.

ఇండియన్ పాస్‌పోర్ట్, వీసా లేకుండా 60 రోజుల మినహాయింపు మీదే అన్ని ఎంట్రీలూ.
20 జూన్: సువర్ణభూమి, విమానం
16 ఆగస్టు: నాంగ్‌ఖాయ్ వంతెన, లావోస్ నుంచి తిరిగి
14 అక్టోబర్: పడాంగ్ బెసార్, మలేషియా నుంచి తిరిగి
ఇప్పటి స్టాంప్ 12 డిసెంబర్ దాకా. ఉండేది చియాంగ్‌మాయిలో. ఎక్స్‌టెన్షన్ (దేశం విడవకుండానే గడువు పొడిగింపు) ఇంతవరకు ఒక్కసారీ తీసుకోలేదు.

ఫిబ్రవరి నెలాఖరు దాకా ఉండాలి. ఇంకోసారి లావోస్ వెళ్ళి వస్తే సరిపోతుందా, లేక విమానంలో కౌలాలంపూర్ వెళ్ళి రావాలా? నవంబర్‌లో రూల్స్ బిగించారని విన్నాను. తెలిసినవాళ్ళు చెప్పగలరు.

---

సరిహద్దు_సారథి · 1 డిసెంబర్ 2025, ఉదయం 10:40

కెరటం గారూ, భూమార్గంలో వెళ్ళకండి. వీసా మినహాయింపు మీద భూసరిహద్దు గుండా ఒక క్యాలెండర్ సంవత్సరంలో రెండుసార్లే రానిస్తారు. మీవి ఆగస్టు, అక్టోబర్‌తో ఆ రెండూ అయిపోయాయి. మూడోసారి వంతెన దగ్గర నిలబడితే ఆఫీసర్ మంచివాడా కాదా అన్నదాకా రాదు, సిస్టమే చూపిస్తుంది. అప్పటికి మీకు థాయ్ ఎగ్జిట్ స్టాంప్ పడిపోయి ఉంటుంది, లావోస్ సింగిల్ ఎంట్రీ వీసా వాడేసి ఉంటుంది. రెండు దేశాల మధ్య వంతెన మీద సామాన్లతో నిలబడాల్సి వస్తుంది.

విమానంలో వస్తే ఇన్నిసార్లే అన్న రాతపూర్వకమైన లెక్క లేదు. కానీ మీరు విన్నది నిజమే. నవంబర్ 2025లో ఇమ్మిగ్రేషన్ బ్యూరో ప్రకటించింది: సరైన కారణం లేకుండా రెండుసార్లకు మించి ఇలా వెళ్ళి వచ్చేవాళ్ళని తిప్పి పంపుతారు. అది విమానాశ్రయాలకీ వర్తిస్తుంది. మీ పాస్‌పోర్ట్‌లో 60 రోజులు పూర్తిగా వాడటం, ఒకటి రెండు రోజులు బయటికి వెళ్ళడం, మళ్ళీ 60 రోజులు. కౌంటర్ దగ్గర ఆ పేజీలు తిప్పిన ఎవరికైనా అర్థమయ్యేది ఒకటే: ఈయన టూరిస్టు కాదు, ఇక్కడ కాపురం ఉంటున్నాడు.

మీ చేతిలో వాడని ఆయుధం ఒకటి ఉంది, ఎక్స్‌టెన్షన్. 1,900 బాత్ కడితే 30 రోజులు. అప్లై చేసిన రోజు నుంచి కాదు, పాత స్టాంప్ అయిపోయిన మర్నాటి నుంచి లెక్క. అంటే మీకు 11 జనవరి 2026 దాకా వస్తుంది. ముందు అది తీసుకోండి. జనవరి 1న భూమార్గం లెక్క కూడా కొత్తగా మొదలవుతుంది. లెక్క కొత్తదైనా పాస్‌పోర్ట్‌లోని పాత స్టాంపులు పోవు, అందుకని ఆ తర్వాత ఏం చేయాలన్నది విడిగా మాట్లాడుకుందాం.

---

జగిత్యాల_రవ్వ · 1 డిసెంబర్ 2025, మధ్యాహ్నం 1:05

సారథి అన్న చెప్పింది కరెక్టే. ఎక్స్‌టెన్షన్ సంగతి నేను చెప్తా. ముందుగాల క్యాలెండర్ చూడుండ్రి. 5 డిసెంబర్ శుక్రవారం సెలవు, 6, 7 శనాదివారాలు, 10 బుధవారం రాజ్యాంగ దినం సెలవు. మీకు మిగిలినయి 2, 3, 4, 8, 9, 11, 12 తారీఖులు. 12 దాకా ఆగకుండ్రి. ఆ రోజు ఒక కాగితం తక్కువైందంటే మళ్ళ వచ్చేందుకు రోజు ఉండదు. రేపో ఎల్లుండో ఇమ్మిగ్రేషన్ ఆఫీసుకు పోయి పని కానిచ్చుకోండ్రి. ముందు పోతే ఒక్క రోజు కూడా నష్టం లేదు, పాత స్టాంప్ కాడి నుంచే కలుపుతరు.

తీస్కపోవాల్సినయి:

టీఎం 7 ఫారం, అంటే ఎక్స్‌టెన్షన్ దరఖాస్తు, రెండు దిక్కుల నింపింది. ఒక ఫోటో, 4 × 6 సెంటీమీటర్లు. మన ఇండియా పాస్‌పోర్ట్ ఫోటోలు, వీసాల కోసం తీసిన రెండంగుళాల ఫోటోలు ఈ సైజు కావు, వాపసు ఇస్తరు. ఆఫీసు పక్కల్నే ఫోటోలు దిగే దుకాణం ఉంటది. పాస్‌పోర్ట్ ఫోటో పేజీ జెరాక్స్, చివరి ఎంట్రీ స్టాంప్ పేజీ జెరాక్స్, అన్నిటి మీద మీ సంతకం. టీఎం 30 రసీదు, అంటే మీరు ఆ ఇంట్ల ఉంటున్నరని ఇంటాయన ఇమ్మిగ్రేషన్‌కు తెలిపినట్టు కాగితం. 1,900 బాత్ నగదు. కొన్ని ఆఫీసుల్లో రూం అగ్రిమెంట్ కాపీ, ఇంటాయన ఐడీ కాపీ కూడ అడుగుతరు, పెట్టుకోని పోతే మంచిది.

పొద్దుగాల 8:30కు తెరుస్తరు, 12 నుంచి ఒంటిగంట దాకా భోజనం టైం. తెరిచే యాళ్ళకే అక్కడుంటే ఆ పూటనే అయిపోతది. పదకొండు దాటినంక పోతే టోకెన్లు అయిపోయినయనే మాట వినాల్సి వస్తది.

ఇంకోటి. అప్లికేషన్ నచ్చకపోతే 30 రోజులకు బదులు 7 రోజులే ఇస్తరు, దేశం విడిచిపోనీకి. 1,900 మాత్రం వాపసు రావు. రెండోసారి ఎక్స్‌టెన్షన్ అడిగినా గా 7 రోజులే. అందుకే కాగితాలు ఒక్కసారికే సక్కగ పెట్టుండ్రి.

---

భీమిలి_కెరటం · 1 డిసెంబర్ 2025, మధ్యాహ్నం 2:20

చాలా థాంక్స్ అండీ ఇద్దరికీ. ఒక్క చిక్కు. టీఎం 30 రసీదు లేదు. ఇంటి ఓనర్ అలాంటిదేమీ అక్కర్లేదంటున్నారు. అది లేకుండా వెళ్ళొచ్చా?

---

సరిహద్దు_సారథి · 1 డిసెంబర్ 2025, మధ్యాహ్నం 3:02

వెళ్ళొద్దు. విదేశీయుడు ఇంట్లో దిగిన 24 గంటల్లో ఇంటి యజమాని ఇమ్మిగ్రేషన్‌కి తెలియజేయాలి. అదే టీఎం 30. బాధ్యత చట్టం ప్రకారం ఓనర్‌దే, కానీ రసీదు లేకపోతే పని ఆగేది మీది. హోటళ్ళయితే వాళ్ళే ఆన్‌లైన్‌లో పెట్టేస్తారు. అద్దె ఇళ్ళ దగ్గరే ఈ గొడవ. ఆలస్యానికి 800 నుంచి 2,000 బాత్ దాకా జరిమానా ఉంటుంది. చాలామంది ఓనర్లు తప్పించుకునేది ఈ భయంతోనే.

మర్యాదగా ఇలా అడగండి: ఆలస్యపు జరిమానా ఏమైనా పడితే నేనే కడతాను, మీ ఐడీ కాపీ, ఇంటి పత్రం కాపీ మీద సంతకం చేసి ఇవ్వండి, నేనే వెళ్ళి సమర్పిస్తాను. దీనికి చాలావరకు ఒప్పుకుంటారు. అసలే కుదరకపోతే ఒక రెండు రాత్రులు హోటల్‌లో దిగి, రిసెప్షన్‌లో టీఎం 30 ప్రింట్ అడిగి తీసుకోండి. అప్పుడు టీఎం 7లో కూడా ఆ హోటల్ చిరునామానే రాయాలి. రెండు చోట్ల రెండు చిరునామాలుంటే ఫారం వెనక్కి వస్తుంది.

ప్రతి బార్డర్ రన్ తర్వాత ఇది మళ్ళీ కావాలని కొన్ని ఆఫీసులు పట్టుబడతాయి, అదే ఇంటికి తిరిగి వచ్చినా సరే. అక్టోబర్ ఎంట్రీకి ముందు తీసుకున్న రసీదు దొరికినా దాని మీద ఆధారపడకండి.

---

పినాంగ్_పిల్లగాలి · 1 డిసెంబర్ 2025, సాయంత్రం 6:48

ఈ థ్రెడ్ తర్వాత చదివేవాళ్ళకి పనికొస్తుందని మలేషియా వైపు సంగతి రాస్తున్నాను. మన పాస్‌పోర్ట్‌కి ప్రస్తుతం తేలికైన ద్వారం ఇదే. మలేషియా భారతీయులకు 30 రోజుల వీసా మినహాయింపు 1 డిసెంబర్ 2023న మొదలుపెట్టింది, దాన్ని 31 డిసెంబర్ 2026 దాకా పొడిగించారు. ఇంగ్లీషులో దొరికే బార్డర్ రన్ గైడ్లు చాలావరకు యూరప్, అమెరికా పాస్‌పోర్ట్‌ల కోసం రాసినవి. "పక్క దేశంలో కాలు పెట్టి వచ్చెయ్యండి" అని రాస్తారు. మనకి ఆ పక్క దేశం తలుపు తెరుస్తుందా లేదా అన్నదే మొదటి ప్రశ్న.

పడాంగ్ బెసార్ రైల్వే స్టేషన్ మలేషియా నేల మీద ఉంది. థాయ్ కౌంటర్, మలేషియా కౌంటర్ రెండూ ఆ ఒక్క స్టేషన్‌లోనే. రైలు దిగి ముందు థాయ్ ఎగ్జిట్ స్టాంప్, తర్వాత మలేషియా ఎంట్రీ స్టాంప్. రెండూ పక్కపక్కనే కావడం వల్లే తప్పులు జరుగుతాయి. మొదటి స్టాంప్ వేయించుకుని జనంతో పాటు నడుచుకుంటూ బయటికి పోయారంటే మీరు మలేషియాలో చట్టప్రకారం లేనట్టే. ఏ కౌంటర్ దాటినా స్టాంప్ పడిన పేజీ తెరిచి చూసుకున్నాకే ముందుకి కదలండి.

ఆ స్టేషన్ కౌంటర్లు రైళ్ళ వేళల్లోనే తెరిచి ఉంటాయి. దక్షిణ థాయ్‌లాండ్‌లోని హాట్‌యాయ్ నుంచి వచ్చే షటిల్ రైలు, బ్యాంకాక్ నుంచి రాత్రంతా ప్రయాణించి ఉదయం చేరే ఎక్స్‌ప్రెస్, ఈ రెండింటినీ చూసుకుని లెక్క వేసుకోవాలి. మలేషియా గడియారం థాయ్ కంటే గంట ముందుంటుంది, తిరుగు రైలు తప్పిపోయేది ఎక్కువగా ఇందుకే. నవంబర్ చివర్లో హాట్‌యాయ్‌ని వరద ముంచింది కాబట్టి ఇప్పుడు వెళ్ళేవాళ్ళు రైలు నడుస్తోందో లేదో ముందు కనుక్కోండి.

రోడ్డు మీదైతే సదావ్, అవతల బుకిట్ కయూ హితమ్. థాయ్ సమయం ఉదయం 5 నుంచి రాత్రి 11 దాకా తెరిచి ఉంటుంది. హాట్‌యాయ్ నుంచి మినీవ్యాన్లు థాయ్ వైపు సరిహద్దు ఊరు డాన్ నోక్ దాకా వస్తాయి. శుక్రవారం సాయంత్రం, మలేషియా సెలవు రోజులు తప్పించండి, అవతల నుంచి వచ్చే జనంతో లైన్ బారులు తీరుతుంది.

మలేషియా వెళ్ళేముందు మూడు రోజుల్లోపు వాళ్ళ డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి, ఉచితం. తిరిగి వచ్చేటప్పుడు థాయ్ డిజిటల్ అరైవల్ కార్డు, అంటే టీడీఏసీ. 1 మే 2025 నుంచి విమానం, రోడ్డు, పడవ ఏదైనా ఇది తప్పనిసరి. ఇదీ మూడు రోజుల్లోపే, ఇదీ ఉచితమే. ప్రతి ఎంట్రీకి కొత్తది కావాలి. గూగుల్‌లో మొదట కనిపించేవాటిలో డబ్బు అడిగే సైట్లు ఉంటాయి. అధికారిక సైటు చిరునామా చివర గో డాట్ టీహెచ్ (.go.th) అని ఉంటుంది.

అదే రోజు వెనక్కి తిరగొద్దు. ఒక్క రాత్రయినా పినాంగ్‌లోనో అలోర్ సెతార్‌లోనో ఉండి, హోటల్ బిల్లు దాచుకోండి. ఉదయం వెళ్ళి మధ్యాహ్నం వచ్చిన రెండు స్టాంపులు ఒకే తేదీతో కనిపిస్తే ప్రశ్నలు మొదలవుతాయి.

ఇంకా దక్షిణాన సుంగై కోలోక్ దారి ఉంది. నరాథివాట్, యాలా, పట్టాని జిల్లాల్లో భద్రత సమస్య ఏళ్ళ తరబడి ఉంది, చాలా ట్రావెల్ ఇన్సూరెన్సులు అక్కడ చెల్లవు. స్టాంప్ కోసం ఆ దారి పట్టనక్కర్లేదు.

---

నాంఖాయ్_నావ · 1 డిసెంబర్ 2025, రాత్రి 8:15

లావోస్ వైపు నేను పూర్తి చేస్తాను. మనకి వీసా కావాలి, కానీ వంతెన దగ్గరే వీసా ఆన్ అరైవల్ ఇస్తారు. పాస్‌పోర్ట్‌కి ఆరు నెలల గడువు, ఒక ఫోటో, డాలర్ నోట్లు. నోట్లు కొత్తగా ఉండాలి. మడత చిరిగినా, పెన్ను గీత ఉన్నా తీసుకోరు. బాత్‌లో కడతామంటే తీసుకుంటారు గానీ వాళ్ళ లెక్కలో డాలర్ కంటే బాగా ఎక్కువ పడుతుంది. బ్యాంకాక్‌లోనే చిల్లరగా డాలర్లు మార్చుకుని పెట్టుకోండి, వంద నోటు ఇస్తే చిల్లర దొరకదు. ఈ-వీసా కూడా ఉంది, కానీ అది అన్ని సరిహద్దుల్లో చెల్లదు. అప్లై చేసేటప్పుడే ఏ చెక్‌పోస్టో ఎంచుకోవాలి.

నాంగ్‌ఖాయ్ దగ్గరి మొదటి మైత్రీ వంతెన 1994లో తెరిచారు, అవతల వియెంటియాన్ దగ్గరే. ఉదయం 6 నుంచి రాత్రి 10. వంతెన మీద నడిచి వెళ్ళనివ్వరు, షటిల్ బస్సు ఎక్కాలి. 2024 జూలై నుంచి బ్యాంకాక్ రైలు నేరుగా వియెంటియాన్ ఖమ్‌సవాత్ స్టేషన్ దాకా వెళ్తోంది. అందులో వెళ్ళేవాళ్ళు నాంగ్‌ఖాయ్ స్టేషన్‌లో సామాన్లతో దిగి థాయ్ ఎగ్జిట్ స్టాంప్ వేయించుకుని మళ్ళీ ఎక్కాలి.

చియాంగ్‌మాయి, చియాంగ్‌రాయి వాళ్ళకి దగ్గరిది చియాంగ్ ఖోంగ్. 2013లో కట్టిన నాలుగో వంతెన, అవతల హువాయ్‌సాయ్. కెరటం గారు ఆగస్టులో నాంగ్‌ఖాయ్ దాకా ఎందుకు వెళ్ళారో గానీ, చియాంగ్‌మాయి నుంచి ఇది సగం దూరం.

ఒక్క హెచ్చరిక. లావోస్ వీసా ఆన్ అరైవల్ పాస్‌పోర్ట్‌లో ఒక పేజీ నిండా అతికిస్తారు. మన మామూలు పాస్‌పోర్ట్ 36 పేజీలు. ప్రతి రన్‌కీ పేజీలు ఖర్చవుతూనే ఉంటాయి. రెండు ఖాళీ పేజీలైనా లేకుండా సరిహద్దుకి వెళ్ళొద్దు.

---

కోనసీమ_కొబ్బరాకు · 2 డిసెంబర్ 2025, ఉదయం 7:30

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. పట్టాయాలో ఒక ఏజెంట్ కంబోడియా బార్డర్‌కి వ్యాన్‌లో తీసుకెళ్ళి అదే రోజు స్టాంప్ వేయించి తెస్తామంటున్నారు. ఇంకొకాయన మనం వెళ్ళక్కర్లేదు, పాస్‌పోర్ట్ ఇస్తే చాలంటున్నారు. నమ్మొచ్చా?

---

సరిహద్దు_సారథి · 2 డిసెంబర్ 2025, ఉదయం 8:10

రెండూ వద్దండి. థాయ్, కంబోడియా మధ్య 2025 జూన్‌లో గొడవలు ముదిరి భూసరిహద్దులు ప్రయాణికులకు మూసేశారు, జూలైలో కాల్పుల దాకా వెళ్ళింది. అరన్యప్రథెట్–పోయ్‌పెట్ దారి కూడా అందులో ఉంది. ఇప్పుడు కంబోడియా వ్యాన్ అన్నవాళ్ళు పాత ప్రకటన చూపిస్తున్నారు, లేదా మిమ్మల్ని ఇంకెక్కడికో తీసుకెళ్తారు.

రెండోది ఇంకా ప్రమాదం. మనిషి దాటకుండా స్టాంప్ పడిందంటే అది దొంగ స్టాంప్. కంప్యూటర్‌లో మీ వేలిముద్రలు, ఫోటో ఉండవు. మీరు దేశం విడిచి వెళ్ళేరోజు విమానాశ్రయంలో అది బయటపడుతుంది. అప్పుడు ఓవర్‌స్టే (గడువు దాటి ఉండటం)తో పాటు నకిలీ ముద్ర కేసు కూడా మీ మీదే పడుతుంది, ఏజెంట్ మీద కాదు. పాస్‌పోర్ట్ ఎవరి చేతికీ ఇచ్చి పంపొద్దు.

---

జగిత్యాల_రవ్వ · 2 డిసెంబర్ 2025, ఉదయం 9:26

కొబ్బరాకు తమ్ముడూ, ఇంకో మాట గట్టిగ చెప్తున్న. "వీసా రన్ మేమే చేపిస్తం, పైంగ ఆన్‌లైన్ జాబ్ ఇస్తం" అని మే సోట్ దిక్కు తీస్కపోతమంటే అస్సలే పోకు. అక్కడ నది దాటితే మయన్మార్ మ్యావడ్డీ. డాటా ఎంట్రీ అని చెప్పి సైబర్ మోసాల కాంపౌండ్లల్ల పెడతరు, పాస్‌పోర్ట్ గుంజుకుంటరు. 2025 మార్చిల 500 మందికి పైగా మనోళ్ళను మే సోట్ మీదికెల్లి వాయుసేన విమానాల్ల తీసుకొచ్చిన్రు. అండ్ల తెలుగు పిల్లలు కూడ ఉన్నరు. టూరిస్ట్ స్టాంప్ మీద థాయ్‌లాండ్‌ల ఏ పని చేసినా తప్పే, అది గుర్తుపెట్టుకో. ఎవలన్న ఇట్ల పిలిస్తే బ్యాంకాక్ ఇండియన్ ఎంబసీకి ఫోన్ చేసి అడుగు, ఫస్ట్ ఇంట్ల చెప్పు.

---

లెక్కలమాస్టారు · 2 డిసెంబర్ 2025, ఉదయం 11:55

ఎవరూ ప్రస్తావించని రెండు లెక్కలు.

మొదటిది రోజులు. దిగిన రోజు ఒకటో రోజు. 14 అక్టోబర్ నుంచి లెక్కపెడితే అక్టోబర్‌లో 18, నవంబర్‌లో 30, డిసెంబర్‌లో 12, మొత్తం 60. "రెండు నెలలు" అనుకుని 14 డిసెంబర్‌కి టికెట్ కొంటే రెండు రోజుల ఓవర్‌స్టే. రోజుకి 500 బాత్, గరిష్ఠంగా 20,000. డబ్బు ఒకెత్తు, పాస్‌పోర్ట్‌లో ఓవర్‌స్టే ముద్ర ఇంకొకెత్తు, ఆ తర్వాత ప్రతి బార్డర్ రన్‌లోనూ అది మాట్లాడుతుంది. 90 రోజులు దాటి స్వయంగా వచ్చి లొంగిపోయినా ఏడాది నిషేధం, ఏడాది దాటితే మూడేళ్ళు. పోలీసులకి పట్టుబడితే కొద్ది రోజుల ఓవర్‌స్టేకైనా ఐదేళ్ళు.

స్టాంప్ వేసిన వెంటనే కౌంటర్ వదలకముందే తేదీ చూసుకోవాలి. 60కి బదులు 30 రోజులకి ముద్ర వేసిన సందర్భాలుంటాయి. అక్కడే చూపిస్తే రెండు నిమిషాల్లో దిద్దుతారు, ఊరికి వచ్చాక చూసుకుంటే ఆఫీసుల చుట్టూ తిరగాలి. రసీదుల మీద 2568 అని కనిపిస్తే కంగారుపడకండి, అది బౌద్ధ శకం, మన లెక్కకి 543 కలిపితే వచ్చేది.

రెండోది పన్ను. ఒక క్యాలెండర్ సంవత్సరంలో 180 రోజులు లేదా ఎక్కువ థాయ్‌లాండ్‌లో ఉంటే అక్కడి పన్ను చట్టం మిమ్మల్ని నివాసిగా లెక్కేస్తుంది. విడతలుగా ఉన్నా కలిపే లెక్క. కెరటం గారు 20 జూన్ నుంచి ఉన్నారు. బయటికి వెళ్ళిన ఒకటి రెండు రోజులు తీసేసినా డిసెంబర్ మూడో వారంలో 180 దాటుతుంది. 1 జనవరి 2024 నుంచి సంపాదించిన విదేశీ ఆదాయాన్ని థాయ్‌లాండ్‌కి తెచ్చుకుంటే నివాసులకి అది పన్ను లెక్కలోకి వస్తుంది. భారత్, థాయ్‌లాండ్ మధ్య ద్వంద్వ పన్ను ఒప్పందం ఉంది, కాబట్టి భయపడాల్సిన పని లేదు. కానీ ఎక్స్‌టెన్షన్ తీసుకుని డిసెంబర్ నెలాఖరు దాకా ఉండటమంటే ఆ గీత దాటడమే అని తెలిసి నిర్ణయించుకోవాలి.

---

భీమిలి_కెరటం · 2 డిసెంబర్ 2025, మధ్యాహ్నం 12:40

పన్ను సంగతి అసలు ఆలోచించలేదు మాస్టారూ, ధన్యవాదాలు. ఓనర్ కాపీలు ఇస్తానన్నారు, టీఎం 30 రేపు పెడతాను. 11 జనవరి తర్వాత ఏం చేయాలో చెప్పగలరా? కౌంటర్ దగ్గర తిప్పి పంపితే ఏమవుతుంది?

---

సరిహద్దు_సారథి · 2 డిసెంబర్ 2025, మధ్యాహ్నం 2:30

ముందు తిప్పి పంపడం గురించి. విమానాశ్రయంలో అయితే పక్క గదిలోకి తీసుకెళ్ళి అడుగుతారు: ఎక్కడ ఉంటారు, ఏం పని చేస్తారు, డబ్బెలా వస్తుంది, ఎప్పుడు వెళ్తారు. చూపాల్సినవి: 60 రోజుల్లోపు దేశం విడిచే విమాన టికెట్, హోటల్ బుకింగ్, మనిషికి 20,000 బాత్‌కి సమానమైన నగదు. బ్యాంక్ యాప్ చూపిస్తానంటే ఒప్పుకోకపోవచ్చు, నోట్లే పట్టుకెళ్ళండి. భూసరిహద్దులో బస్సు టికెట్ చూపి ఒప్పించడం కష్టం, విమాన టికెట్టే పెట్టుకోవాలి.

వద్దనుకుంటే 1979 ఇమ్మిగ్రేషన్ చట్టం 12వ సెక్షన్ కింద తిరస్కరిస్తారు. చాలావరకు రాసే కారణం బతకడానికి తగిన ఆధారం లేదనో, డబ్బు లేదనో. 48 గంటల్లో మంత్రిత్వ శాఖకి అప్పీలు చేసుకునే హక్కు చట్టంలో ఉంది, కానీ ఆ రెండు రోజులూ నిర్బంధ గదిలోనే గడపాలి. వచ్చిన విమాన సంస్థే వెనక్కి తీసుకెళ్తుంది, ఖర్చు మీ నెత్తిన పడుతుంది. ఇది జీవితకాల నిషేధం కాదు. వీసా తీసుకుని మళ్ళీ రావచ్చు. వాదనకి దిగడం, గొంతు పెంచడం ఒక్కటే దాన్ని ఇంకా చెడగొడుతుంది.

ఇప్పుడు జనవరి. ఫిబ్రవరి నెలాఖరు దాకా ఉండాలంటే నా సలహా: మినహాయింపు మీద నాలుగో ఎంట్రీకి ప్రయత్నించకండి. జనవరి మొదటి వారంలో హైదరాబాద్‌కో విశాఖకో వెళ్ళిపోయి, అక్కడి నుంచి సింగిల్ ఎంట్రీ టూరిస్ట్ వీసాకి ఆన్‌లైన్‌లో అప్లై చేయండి. 2025 జనవరి నుంచి అన్ని థాయ్ ఎంబసీలూ ఈ-వీసా పద్ధతిలోనే తీసుకుంటున్నాయి, తెలుగు రాష్ట్రాలవాళ్ళకి చెన్నై కాన్సులేట్. ఆ వీసా మీద 60 రోజులు, కావాలంటే మళ్ళీ 1,900కి 30 రోజులు. వీసా మీద వచ్చిన ఎంట్రీ ఆ "రెండుసార్లు" లెక్కలోకి రాదు. కౌలాలంపూర్ నుంచో వియెంటియాన్ నుంచో అప్లై చేయాలంటే మీరు నిజంగా ఆ దేశంలో ఉన్నట్టు ఆధారం కావాలి, కొన్ని ఎంబసీలు అక్కడి నివాసులకే ప్రాధాన్యం ఇస్తాయి. ముందు వాళ్ళ పేజీ చదివాకే టికెట్ కొనండి.

ఏడాదికి ఆరేడు నెలలు ఉండే ఆలోచన ఉంటే డీటీవీ (డెస్టినేషన్ థాయ్‌లాండ్ వీసా) చూడండి. 2024 జూలైలో తెచ్చారు. ఐదేళ్ళ వీసా, ఎన్నిసార్లయినా రావచ్చు, వచ్చిన ప్రతిసారీ 180 రోజులు. వయసు 20 దాటాలి, ఖాతాలో 5,00,000 బాత్ చూపాలి, థాయ్‌లాండ్ బయటి నుంచే అప్లై చేయాలి. రిమోట్‌గా పని చేసేవాళ్ళు, ముయే థాయ్ (థాయ్ బాక్సింగ్), వంట కోర్సుల్లాంటివి చేసేవాళ్ళు దీనికి అర్హులు. బార్డర్ రన్ అన్న మాటకి చట్టం ఒప్పుకునే అసలైన రూపం ఇదే: 180 రోజులకి ఒకసారి బయటికి వెళ్ళి వస్తే ఎవరూ అడగరు.

---

నాంఖాయ్_నావ · 2 డిసెంబర్ 2025, సాయంత్రం 4:18

సారథి గారి మాటకి చిన్న చేర్పు. ఎక్స్‌టెన్షన్ తీసుకున్నాక మధ్యలో సరదాగా లావోస్ వెళ్ళి వద్దామనుకుంటే ఆ మిగిలిన రోజులన్నీ పోతాయి. దేశం దాటిన క్షణంలో పాత అనుమతి రద్దు. నిలబెట్టుకోవాలంటే ముందే టీఎం 8 ఫారంతో రీ-ఎంట్రీ పర్మిట్ తీసుకోవాలి, ఒక్కసారికి 1,000 బాత్. సంక్రాంతికి ముందు లువాంగ్ ప్రబాంగ్ ప్లాన్ ఉన్నవాళ్ళు ఇది మర్చిపోతారు.

---

మోడరేటర్ · 2 డిసెంబర్ 2025, సాయంత్రం 5:00

పైన అరైవల్ కార్డు సైటు గురించి పిల్లగాలి గారు రాసినదానికి ఇంకొంచెం వివరణ. థాయ్ ఇమ్మిగ్రేషన్ సైట్ల చివర "గో డాట్ టీహెచ్" ఉంటుంది. టీడీఏసీకి డబ్బు అడిగితే అది ప్రభుత్వ సైటు కాదు. అంతే చూసుకుంటే చాలు.

---

భీమిలి_కెరటం · 4 డిసెంబర్ 2025, మధ్యాహ్నం 12:15

ఎక్స్‌టెన్షన్ అయింది, 11 జనవరి దాకా స్టాంప్. హైదరాబాద్‌కి టికెట్ చూస్తున్నాను. 11 రాత్రి బయల్దేరే విమానం చౌకగా ఉంది, అర్ధరాత్రి దాటాక 12:40కి. అది తీసుకోవచ్చు కదా?

---

లెక్కలమాస్టారు · 4 డిసెంబర్ 2025, మధ్యాహ్నం 12:31

ఆగండి. 12:40 అంటే టికెట్ మీద తేదీ 12 జనవరి. లెక్కలోకి వచ్చేది విమానం లేచే సమయం కాదు, మీరు ఇమ్మిగ్రేషన్ కౌంటర్ దాటిన సమయం. రాత్రి 11:50కి దాటితే సరే, లైన్ పెద్దదై 12:05 అయితే ఒక రోజు ఓవర్‌స్టే. 11 ఆదివారం, రద్దీ రోజు. పైగా ఆదివారం ఇమ్మిగ్రేషన్ ఆఫీసు ఉండదు, ఏదైనా తేడా వస్తే అడగడానికి చోటు లేదు. చెన్నై వీసాకి కూడా రోజులు పడతాయి. 7 లేదా 8 తారీఖు పగటి విమానం చూడండి.

---

భీమిలి_కెరటం · 4 డిసెంబర్ 2025, మధ్యాహ్నం 1:10

8 జనవరి గురువారం ఉదయం విమానానికి బుక్ చేశాను మాస్టారూ.